మచ్చు చూపని సరుకు

నా కంట్లో వేసిన సరుకును వేసే ముందు నాకు చూపలేదు. అడిగాను, చూపలేదు. గట్టిగా అడిగాను, అప్పుడూ చూపలేదు. కన్ను మాత్రం నాదే.

ఇందులో అన్యాయం ఏముందని అడిగేవాళ్ళు ఉన్నారు. మా ఇంటామె వాళ్ళందరికీ పెద్ద. అలాంటివాళ్ళ కోసం ముందు మచ్చు అంటే ఏమిటో చెప్పాలి, లేకపోతే నా బాధ వాళ్ళ తలకెక్కదు.

నేను పత్తికొండలో ఒక ధాన్యం మండీలో మచ్చు తీసేవాణ్ణి. ఇప్పుడు పత్తికొండ అంటే అందరికీ టమాటాలే గుర్తొస్తాయి. టమాటా సిగ్గులేని సరుకు, గంపలో పైకే కనిపిస్తుంది. గంప అడుగున ఏం పెడతారన్నది వేరే సంగతి, దాని మీద నాకు వేరే కోపం ఉంది. గింజ అట్లా కాదు. కందులైనా, జొన్నలైనా, ధనియాలైనా మూటలో దాక్కుని వస్తాయి. నా చేతిలో మూరెడు ఇనుప గొట్టం ఉండేది, కొన మొనదేలి, లోపల బోలుగా. దాన్ని మూటలో గుచ్చి వంచితే గింజలు జారి అరచేతిలోకి వచ్చేవి. పైన ఒకసారి, నడుమ ఒకసారి, అడుగున ఒకసారి గుచ్చాలి. ఆ పిడికెడు గింజలే మచ్చు. కొనేవాడు వాటిని ఊది, వాసన చూసి, ఒకటి కొరికి, అప్పుడు ధర అడుగుతాడు. మచ్చు చూడకముందే ధర మాట ఎత్తడం మా మండీలో గుడ్డల్లేకుండా తిరగడంతో సమానం. సొంత తమ్ముడి సరుకైనా అంతే. ఒకాయన బస్సు పోతుందని తొందరపడి మచ్చు చూడకుండా ధనియాలు కొన్నాడు. ఇంటికి పోయి విప్పితే సగం మట్టి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, ఆయన మనవళ్ళను ఇప్పటికీ మట్టిధనియాలోళ్ళు అనే అంటారు.

నా చదువు కూడా మచ్చులోంచే వచ్చింది. బడి నన్ను రెండో తరగతిలోనే వదులుకుంది. మచ్చు గింజలను పాత పత్రికల ముక్కల్లో పొట్లం కట్టి వ్యాపారులకు పంపేవాళ్ళం. ఆ ముక్కల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అందుకే నాకు చాలా కథల మొదళ్ళు తెలుసు, చాలా కథల చివరలు తెలుసు, ఆ మొదళ్ళకూ ఈ చివరలకూ సంబంధం లేదు. ఒక దొంగ బావిలో దూకాడు. వాడు పైకి వచ్చాడో లేదో ఇప్పటికీ తెలియదు. మండీ మానేశాక శాఖా గ్రంథాలయంలో చేరి, పుస్తకాలను మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదవడం మొదలుపెట్టాను. ఈ వయసులో నాకు మిగిలిన దురలవాటు అదొక్కటే. ఎడమకన్ను అప్పటికే మసకబారిపోయింది, గుమ్మంలో నిలబడింది మనిషో బర్రెనో చెబుతుంది, అంతకంటే చెప్పదు. చదివేది కుడికన్ను.

ఆ కుడికంటి ముందు ఒకరోజు వరుసలు సాగాయి. తడిబట్టలు ఆరేసిన తీగలాగా అచ్చు వరుస నడుమన కిందికి వంగింది. ఆ వంపులో పడిన అక్షరానికి మసి అంటుకుంది. నేను గ్రంథాలయం చూసుకునే ఆయన్ను పట్టుకుని, ఈ కాలం అచ్చుపని ఎంత నాసిరకమైందో చెప్పాను. ఆయన ఇంకో పుస్తకం ఇచ్చాడు. అదీ వంగింది. ఇంకోటి ఇచ్చాడు. చివరికి ఆయన కూర్చున్న కుర్చీ వెనకాల తలుపు చట్రం కూడా వంగింది. తలుపులను ఎవరూ అచ్చు వేయరు గనక నేను కర్నూలు బస్సెక్కాను.

కర్నూలు కంటి ఆసుపత్రిలో నన్ను చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. పుట్టింది వేంపల్లె. రోగులతో పట్నం తెలుగు మాట్లాడుతుంది, విసుగొస్తే వేంపల్లె తెలుగు బయటికి వస్తుంది. నేను ఆమె నోట వేంపల్లె చాలా విన్నాను.

"కంటి వెనకాల ఒక పొర ఉంటుంది తాతా, బొమ్మ పడే తెరలాగా. మీ చక్కెర జబ్బుతో ఆ తెర వాచింది. తెర ఉబ్బితే బొమ్మ వంకరపోతుంది" అని చెప్పింది. కొన్ని నెలలు నెలనెలా కంట్లో సూది వేసింది. వాపు తగ్గినట్టే తగ్గి, చుట్టం మాదిరి మళ్ళీ వచ్చింది. అప్పుడు చెప్పింది, ఇంకో మందు ఉందని.

"చిన్న పుల్ల తాతా. దాంట్లో స్టెరాయిడ్ మందు ఉంటుంది. దాన్ని కంట్లో పెట్టేస్తాం. అది లోపలే ఉండి కొంచెం కొంచెంగా మందు వదులుతుంది. కొన్ని నెలలకు అదే కరిగిపోతుంది, మళ్ళీ తీసే పని లేదు. కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, అందుకని చెప్పిన రోజుకు వచ్చి చూపించుకోవాలి."

"ఎంతుంటాదమ్మా?"

"పొడుగు జీలకర్ర గింజంత. లావు దారమంత."

"ఏదీ, మచ్చు చూపించు."

"ఏంది?"

"ఆ పుల్ల. చూపించమ్మా. చూసి, సరే అంటా."

"చూపించేకి కాదు తాతా. అది సూదిలోపలే ఉండాది. డబ్బా విప్పితే వెంటనే కంట్లో పెట్టేయల్ల. గాలికి పెడితే పనికిరాదు." అంటే వేంపల్లె అప్పుడే మొదలైంది.

గాలికి పనికిరాని సరుకు నా జన్మలో చూడలేదు. పక్కన నిలబడిన సిస్టరమ్మ, పిల్లలకు చూపినట్టు, ఫోనులో దాని బొమ్మ చూపించింది. ఫొటోలో ధనియాలు ఎప్పుడూ బాగానే ఉంటాయని చెప్పాను. కింద మందుల అంగడికి పోయి అడిగాను. అంగడాయన, "విప్పిన డబ్బా మళ్ళీ ఎవరు కొంటారప్పా, నువ్వు కొంటావా" అన్నాడు. నేను కొననన్నాను. ఆయన నా వెనకాల ఉన్నవాడికి దగ్గుమందు ఇచ్చాడు.

చూడకుండానే ఒప్పుకోవాల్సి వచ్చింది. వరుసలు రోజురోజుకూ వంగుతున్నాయి, నేనొక్కణ్ణి వంగకుండా కూర్చుని ఏం లాభం.

బల్ల మీద పడుకోబెట్టి ముఖం మీద గుడ్డ కప్పారు. గుడ్డకు ఒక బొక్క, బొక్కలో నా కన్ను. రెప్పలు మూతపడకుండా ఏదో పెట్టారు. మొద్దుబారే చుక్కలు వేశారు. పై దీపం తప్ప ఏమీ కనపడలేదు. అప్పుడు నాకు ఒక సంగతి తట్టి ఒళ్ళు మండింది. జీవితమంతా నేను మూటల్లో గొట్టం గుచ్చి గింజ బయటికి తీశాను. వీళ్ళు నాలో గొట్టం గుచ్చి గింజ లోపల పెడుతున్నారు. నేను తీసినప్పుడు పదిమందికీ చూపాను.

"అమ్మా, ఇప్పుడన్నా" అన్నాను.

"తాతా, మాట్లాడొద్దు, కన్ను కదుల్తాది" అంది సిస్టరమ్మ.

కొంచెం ఒత్తినట్టయింది. బాల్ పెన్ను నొక్కితే వచ్చే శబ్దం ఒకటి వచ్చింది. అయిపోయిందన్నారు. నేను ఊరుకోకపోయేసరికి డాక్టరమ్మ ఖాళీ సూదిని ఎత్తి చూపించింది. ధనియాలు అమ్ముకుని ఖాళీ గోతం చూపించినట్టు.

పంపేముందు ఆమె జాగ్రత్తలు చెప్పింది. అవి చెబుతున్నంతసేపూ నేను మచ్చు గురించి చెబుతున్నాను గనక ఆమె చెప్పింది నాకు వినపడలేదు. దాని ఫలితం ఇంటికొచ్చాక మజ్జిగన్నంలో తేలింది.

కంచంలో వెంట్రుక. తెల్లటి అన్నం మీద నల్లగా, పొట్టిగా. తీద్దామని వేలు పెడితే పక్కకు జరిగింది. అటు పెడితే ఇటు జరిగింది.

"ఏమే, అన్నంలో వెంట్రుక" అన్నాను.

మా ఇంటామె వచ్చి కంచంలోకి చూసింది. "యాడుండాది?"

"ఈడ. కనపళ్ళేదా?"

"నా నెత్తిన ఉండేటివే నాలుగు. అవి నీ అన్నంలో యాల వేస్తానయ్యా" అని కంచం తీసుకుపోయి బర్రెకు పెట్టింది. బర్రె వెంట్రుకను వెతక్కుండా తినేసింది. ఆ రాత్రి రొట్టెలోనూ వెంట్రుక ఉంది. మర్నాడు పాలలో ఉంది. మా ఇంటామె తలకు గుడ్డ కట్టుకుని వంట చేసింది, నాతో మాట్లాడటం మానేసింది. అయినా ఉంది.

సాయంత్రం నా స్నేహితుడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మండీలో నేను గుచ్చిన మూటలు మోసిన హమాలీ అతను. ఇప్పుడు వాళ్ళ చర్చిలో సంఘపెద్ద. అతని ముఖం మీద దోమ వాలబోతోంది. నేను కొట్టాను. దోమ తప్పించుకుంది. మళ్ళీ కొట్టాను. ఈసారి అతని చెవికి తగిలింది.

"ఏమప్పా, నేనేం చేసినా?" అన్నాడు అతను చెవి పట్టుకుని.

"దోమప్పా."

"దోమ యాడుండాది? ఈ ఎండకు దోమలు గూడా ఊరిడిసి పోయినాయి."

అప్పుడు ఎడమకన్ను మూశాను, దోమ ఉంది. కుడికన్ను మూశాను, దోమ లేదు. స్నేహితుడు కూడా లేడనుకోండి, ఎడమకంటికి అతను ఒక మూట మాదిరి కనిపించాడు. సంగతి తెలిసిపోయింది. వెంట్రుక అన్నంలో లేదు, దోమ గాలిలో లేదు. చూపకుండా వేసిన పుల్ల నా కంట్లో తేలుతోంది. మా ఇంటామెకు ఈ సంగతి చెప్పాను. ఆమె తల గుడ్డ విప్పి నా ముఖాన కొట్టింది.

మళ్ళీ కర్నూలు. సరుకు ఊడిపోయిందని చెప్పాను. డాక్టరమ్మ కళ్ళలోకి దీపం వేసి చూసింది.

"ఉండాల్సిన చోటే ఉంది తాతా. కింద పడి ఉంది. కొన్నాళ్ళు కనపడొచ్చని ఆ రోజే చెప్పినా కదా."

"కింద ఏడుందమ్మా, పైనుంది. నా కనుబొమ్మ దగ్గర."

"మీకు పైన కనపడుతుంది. అది ఉండేది కింద. కంటి లోపల బొమ్మ తలకిందులుగా పడుతుంది."

"నా కంట్లో ఉండేది యాడుందో నాకు తెలీదా?"

"తెలీదు" అంది డాక్టరమ్మ.

ఈ మాటకు నేను ఇంటికొచ్చి పరీక్ష పెట్టాను. నులకమంచం మీద వెల్లకిలా పడుకుని, తలను అంచు మీదినుంచి కిందికి వేలాడేశాను. పుల్ల నిజంగా పైనే ఉండేదైతే, ఇప్పుడు కూడా నా కనుబొమ్మ వైపే, అంటే నేల వైపు కనపడాలి. అది మెల్లగా జరిగి జరిగి గడ్డం వైపు పోయింది. గడ్డం ఇప్పుడు ఇంటికప్పు వైపు ఉంది. అంటే నేను ఎట్లా వేలాడినా అది నేల మీదికే పడుతోంది, నాకు మాత్రం మిద్దె మీద కనపడుతోంది. ఆ డాక్టరు పిల్ల చెప్పిందే నిజం. ఈ సంగతిని ఇంకా బాగా తేల్చుకుందామని ఉండగా మా ఇంటామె నీళ్ళ బిందెతో లోపలికొచ్చింది.

"ఏందయ్యా అది, గబ్బిలం మాదిరి?"

"పుల్లను చూస్తాండా."

"చూసుకో. రక్తం తలకెక్కి పోయినావంటే ఇట్లనే పూడుస్తా, తలకిందులుగానే. నీకదే ఇష్టం కదా."

డాక్టరమ్మకు కూడా ఎవరో చెప్పేశారు, ఎవరో నాకు తెలుసు. "తలకిందులుగా వేలాడమని నేను చెప్పినానా తాతా?" అని అడిగింది. చెప్పలేదని ఒప్పుకున్నాను. దాని బదులు, పుల్ల ఆ రోజు ఎంత పొడవుందో వేలి గోరు మీద చూపించాను. ఒత్తిడి చూపించుకునేందుకు పోయినప్పుడల్లా అట్లా చూపించేవాణ్ణి. మొదట జీలకర్రంత ఉండేది. తర్వాత గసగసాలు నాలుగు వరసగా పేర్చినంత. అంచులు మెత్తబడి, నాకి వదిలిన చక్కెరబిళ్ళ మాదిరి అరిగింది. నేను చెబుతుంటే ఆమె తల ఊపుతూ వినేది.

ఈలోగా వరుసలు లేచి నిలబడ్డాయి. ఒక పొద్దున పుస్తకం తెరిస్తే తీగ బిగించి కట్టినట్టు తిన్నగా ఉన్నాయి. తలుపు చట్రాలు కూడా సర్దుకున్నాయి. నేను ఎవరికీ చెప్పలేదు. మచ్చు గొడవ తేలకముందే సరుకు బాగుందని చెబితే ఇక ఆ గొడవ ఎవరు వింటారు. లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. ఒక ముసలామె రెండెకరాల కోసం కోర్టుకెక్కుతుంది. చాలా మొండిది. నాకు బాగా నచ్చింది.

నా స్నేహితుడికి మాత్రం నా మీద జాలి కలిగింది. అరుగు మీద నేను రోజూ పుల్ల పుల్ల అని వాపోతుంటే విని, ఆదివారం చర్చిలో నా కోసం ప్రార్థన పెట్టించాడు. మా సోదరుని కంటిలోని పుల్ల తొలగిపోవాలని సంఘమంతా మోకాళ్ళ మీద అడిగారట. నేను అతనికి టీ తాగించాను. కొన్నాళ్ళకు ఒక పొద్దున లేచి చూస్తే పుల్ల లేదు. గోడ మీద చూశాను, ఆకాశంలో చూశాను, మజ్జిగన్నంలో చూశాను. లేదు.

"అడిగినాం, ఇచ్చినాడు" అన్నాడు స్నేహితుడు.

ఇంకొన్ని వారాలకు వరుసలు మళ్ళీ సాగాయి.

"మందప్పా అది" అన్నాను. "మందును తీసేయమని ఎవరడగమన్నారు?"

"నువ్వు పుల్ల పుల్ల అని ఏడుస్తాంటివి, పుల్ల పోవాలని అడిగినాం. మందని ఒక్క మాట చెప్పింటే అట్లనే ఉండనీమని అడిగుందుము కదా. ఇప్పుడేమంటావు, ఈ ఆదివారం తిరిగి తెప్పియ్యల్లనా?"

వద్దన్నాను. ప్రార్థనతో వచ్చిన సరుకుకు మచ్చు ఎవర్ని అడగాలి.

కరగడం దాని స్వభావమని, కరిగాక వాపు తిరిగొస్తే ఇంకోటి పెట్టాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేను ఆలోచించాను. మొదటిసారి చూపలేదు. అయిపోయాక మిగులు కూడా చూపలేదు, అంతా కరిగిందన్నారు. మచ్చూ లేదు, మిగులూ లేదు. మొదటిసారి మోసపోతే అమాయకుడు, రెండోసారి మోసపోతే మట్టిధనియాలోడు. మచ్చు చూపేదాకా రెండోది వేయించుకోనని ఇంట్లో చెప్పాను.

"వేయించుకోవద్దు" అంది మా ఇంటామె. "గుమ్మంలోకి ఎవరొచ్చినా బర్రె అనుకో."

నేను పంతం మీదే ఉన్నాను. అయితే పుస్తకంలో ముసలామె కేసు తీర్పుకొచ్చింది. సరిగ్గా జడ్జీ నోరు తెరిచిన చోట వరుస వంగి, అక్షరాలు మసిలో మునిగిపోయాయి. భూతద్దం పెట్టాను, మసి కూడా పెద్దదైంది. మా ఇంటామెకు చదువు రాదు. స్నేహితుణ్ణి చదవమన్నాను. అతను ఏది చదివినా చర్చిలో చదివినట్టే, ఒక్కో మాటనూ బరువుగా దించుతూ చదువుతాడు. ఒక పేజీ అయ్యేసరికి పొద్దుగూకింది, జడ్జీ ఇంకా కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొట్లం కాగితాల కథలు సగంలో ఆగాయంటే అవి చిరిగినవి. ఈ పుస్తకం చిరగలేదు, మొత్తం నా చేతుల్లోనే ఉంది. చిరిగింది నేను. బావిలో దూకిన దొంగ గుర్తొచ్చాడు. వాడి పక్కనే ఈ ముసలామె కూడా ఉండిపోతుందేమోననిపించింది.

కాబట్టి కర్నూలు పోయాను. పంతం విడిచి కాదు, పంతంతో సహా పోయాను. మా ఇంటామె వెంట వచ్చింది, నేను బస్సు దిగి పారిపోతానని.

చుక్కలు వేశారు, బల్ల ఎక్కించారు, గుడ్డ కప్పారు. డబ్బా ఇంకా విప్పలేదని అడిగి తెలుసుకున్నాను. అప్పుడు కన్ను గట్టిగా మూసేశాను.

"తాతా, కన్ను తెరువు" అంది సిస్టరమ్మ.

"మచ్చు చూపిస్తే తెరుస్తా."

"మళ్ళీ మొదలాయె. తాతా, రెప్ప వదులు. బయట ఇంకా శానామంది ఉండారు."

"వాళ్ళకు గూడా చూపించు."

ఆమె వేళ్ళతో రెప్ప విప్పబోయింది. మూటలు గుచ్చిన మనిషిని, రెప్ప బిగిస్తే అంత సులువుగా రాదు. ఆమె తలుపు దగ్గరికి పోయి మా ఇంటామెను పిలిచింది. మా ఇంటామె గుమ్మంలోంచే చెప్పింది, "ఆయప్ప కాపురానికి ముందు నన్ను మూడుసార్లు చూసి పోయినాడమ్మా. పై నుంచి ఒకసారి, నడుమ ఒకసారి, అడుగున ఒకసారి. నేనేం చేయాల?" గుడ్డ కింద నాకు ఎవరో నవ్వడం వినిపించింది. ఒక్కరు కాదు.

తర్వాత అడుగుల చప్పుడు. నవ్వులు ఆగిపోయాయి. డాక్టరమ్మ నా తల దగ్గర నిలబడిందని సబ్బు వాసనను బట్టి తెలిసింది. నేను కన్ను తెరవలేదు. ఇన్ని నెలలుగా అడిగినదానికి నాకు జవాబు అప్పుడు వచ్చింది, చివరి మాట దాకా వేంపల్లె తెలుగులోనే:

"తాతా, నేను ఇవి శానామందికి పెట్టినా. దీపమేసి ఒక నిమిషం చూస్తా, బాగుండాది పో అంటా. అంతే నేను చూసేది. నువ్వు నెలలు చూసినావు. అన్నం తింటా చూసినావు, మంచం మీద తలకిందులుగా వేలాడి చూసినావు, జీలకర్రంత ఉన్నెప్పుడు చూసినావు, గసగసాలంత అయినప్పుడు చూసినావు, కరిగిపోయేదాకా చూసినావు. ఏ మండీలో ఏ షావుకారి గూడా మచ్చును అంత చూసుండడు. నువ్వు చూసిన మచ్చును మేమెవురమూ చూళ్ళేదు, నువ్వే మాకు చెప్పల్ల. సరుకు బాగలేదంటే ఇప్పుడే దిగి పత్తికొండ బస్సెక్కు. బాగుందంటే నోరు మూసుకోని కన్ను తెరువు."